బీమా కాగితం బీరువాలో... బిల్లు చేతిలో!

ఇంట్లో బియ్యం ఇంకా ఎన్నాళ్లొస్తాయో మనకు తెలుసు. గ్యాసు బండ ఎప్పుడు మార్చామో తెలుసు. పిల్లల ఫీజు గడువు, చీటీ డబ్బు కట్టే తారీఖు, అత్తగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయో... అన్నీ తెలుసు. ఇంట్లో ఆరోగ్య బీమా పాలసీ ఉందా, ఉంటే దేనికి డబ్బిస్తారు, దేనికివ్వరు అని అడిగితే మాత్రం చాలామందిమి ‘ఆయన్నడగాలి’ అంటాం. ఆ ఆయనే మంచాన పడితే ఎవర్నడగాలి?

2020, 2021 సంవత్సరాల్లో ఎన్నో ఇళ్లలో సరిగ్గా ఇదే జరిగింది. కోవిడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. 2023 మే 5న ఆ ప్రకటనను ఎత్తేసింది. ఈ మూడేళ్లలో జబ్బు గురించి మనం చాలా నేర్చుకున్నాం. చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి ఆక్సిజన్ శాతం చూడటం దాకా! బీమా గురించి నేర్చుకున్నది మాత్రం తక్కువే. మళ్లీ ఇలాంటి రోజు రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం ఏది దొరుకుతుంది, ఏది దొరకదు అన్నది ఇంటి ఇల్లాలికి ముందే తెలిసి ఉండాలి.

అంటువ్యాధికి బీమా వర్తిస్తుందా?

కోవిడ్ మొదలైన కొత్తల్లో అందరికీ వచ్చిన అనుమానమిది. ‘ఇది కొత్త జబ్బు కదా, పాలసీలో దీని పేరే లేదు కదా’ అని భయపడ్డారు. దీనికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 మార్చి 4నే జవాబు చెప్పింది. పాలసీలో ఆస్పత్రి చికిత్సకు డబ్బిచ్చే ఏర్పాటు ఉంటే కోవిడ్ చికిత్సకూ ఇవ్వాలి, క్లెయింలను త్వరగా తేల్చాలి అని కంపెనీలకు సర్క్యులర్ పంపింది. 2020 జులైలో మరోమాట కూడా చెప్పింది. ప్రభుత్వ అనుమతితో హాళ్లలో, హోటళ్లలో పెట్టిన తాత్కాలిక ఆస్పత్రుల్ని కూడా ఆస్పత్రులుగానే లెక్కవేయాలని!

ఇక్కడ ‘ఆస్పత్రి చికిత్స’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. మామూలు పాలసీలో డబ్బు రావాలంటే సాధారణంగా కనీసం 24 గంటలు ఆస్పత్రిలో చేరి ఉండాలి. జ్వరమొచ్చి డాక్టరుకు చూపించుకుని, పరీక్షలు చేయించుకుని, మందులు తెచ్చుకుని ఇంట్లోనే పడుకున్నామనుకోండి, ఆ ఖర్చు మనదే. కోవిడ్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇంట్లోనే కోలుకున్నారు. మందులు, స్కానింగు, ఆక్సిజన్ సిలిండరు అద్దె అంటూ వేలకు వేలు పోసినా వాళ్ల చేతికి పైసా రాకపోవడానికి కారణం ఇదే. అవుట్ పేషెంట్ ఖర్చులు ఇచ్చే పాలసీలున్నాయి. వాటికి ప్రీమియం ఎక్కువ.

రెండోమాట. కొత్తగా పాలసీ తీసుకున్నవాళ్లకు మొదటి 30 రోజుల్లో వచ్చిన జబ్బులకు సాధారణంగా డబ్బివ్వరు. ప్రమాదాలకు మాత్రమే మినహాయింపు. రెండో అల విరుచుకుపడిన 2021 ఏప్రిల్‌లో పాలసీల కోసం పరుగెత్తినవాళ్లకు ఈ సంగతి అప్పుడే తెలిసింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వితే నీళ్లెప్పుడు పడతాయి?

మా వదిన చేసిన పోరాటం

2021 మే నెలలో తెనాలిలో ఉండే మా పెద్దన్నయ్యకు కోవిడ్ వచ్చింది. అన్నయ్యది బట్టల కొట్టు. ఆదాయం ఎక్కువ కాబట్టి ఆరోగ్యశ్రీ కార్డు లేదు. ఏజెంటు చెబితే ఏనాడో ఒక ప్రైవేటు పాలసీ తీసుకున్నాడు. గుంటూరులో ఒక ఆస్పత్రిలో చేర్చారు. ‘క్యాష్‌లెస్ ఇప్పుడు కుదరదు, ముందు డిపాజిట్ కట్టండి’ అన్నారక్కడ. ఆ సమయంలో బెడ్డు దొరకడమే మహాభాగ్యం. వాదించే ఓపిక ఎవరికుంటుంది? మా వదిన చేతి గాజులు నాలుగూ కుదువ పెట్టి డబ్బు కట్టింది.

తొమ్మిది రోజులకు అన్నయ్య క్షేమంగా ఇంటికొచ్చాడు. ఆస్పత్రి బిల్లూ, బయట కొన్న మందులూ కలిపి 2,86,400 రూపాయలు. కాగితాలన్నీ పంపితే కంపెనీ ఇచ్చింది 1,52,000. అంటే 1,34,400 కోత! మొదటి మూడు రోజులు ‘ఇంట్లో ఉండి నయం చేసుకోదగిన స్థితి’ అని 61,000 కోసేశారు. పీపీఈ కిట్లు, గ్లౌజులు, మాస్కులు, శానిటైజరు పేరిట 34,400. గది అద్దె పరిమితి మించిందని 24,000. బయట కొన్న ఇంజెక్షన్లకు సరైన బిల్లు లేదని 15,000.

‘పోనీలే, మనిషి దక్కాడు, అదే చాలు’ అన్నారు బంధువులు. అన్నయ్యా అదే అన్నాడు. వదిన మాత్రం ఒప్పుకోలేదు. ‘‘చూడు అమ్మాయ్, మనిషి దక్కాడని దేవుడికి దణ్ణం పెడతాను. కంపెనీకెందుకు పెట్టాలి? పన్నెండేళ్లుగా ప్రీమియం కట్టాం కదా!’’ అంది నాతో.

ఆ పాలసీ కాగితాన్ని ఆమె అప్పుడే మొదటిసారి చదివింది. ఇద్దరం కూర్చుని నాలుగు కోతలూ నాలుగు వరుసల్లో రాసుకున్నాం. గది అద్దె, పీపీఈ కిట్లు పాలసీలో రాసినవే కాబట్టి వాటిని వదిలేశాం. బిల్లు లేని ఇంజెక్షన్ల డబ్బూ ఇక రాదని అర్థమైంది. మిగిలింది 61,000. ఆస్పత్రిలో చేర్చేముందు అన్నయ్య ఆక్సిజన్ శాతాన్ని నాలుగ్గంటలకోసారి వదిన పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీద రాసిపెట్టింది. చేర్చిన పొద్దున అది 91. ఆస్పత్రివాళ్లు కూడా చేర్చుకునేటప్పుడు చూసి రాసుకుని ఉంటారు కదా! వదిన మళ్లీ గుంటూరు వెళ్లి పూర్తి కేసు షీటు నకలు అడిగి తెచ్చుకుంది. అందులో ఆ అంకె ఉంది. ‘ఆక్సిజన్ అవసరం, చేర్చుకోవాలి’ అన్న డాక్టరు మాటా ఉంది. ఆ నకలు జతచేసి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి ఒక పేజీ ఉత్తరం రాశాం. ఏడు వారాలకు 61,000 ఖాతాలో పడింది.

మిగిలిన 73,400 మాత్రం వదిన చీటీ పాడి తీర్చింది. గాజులు ఇంటికొచ్చేసరికి సంక్రాంతి దాటింది.

కోత ఎక్కడ పడుతుందంటే...

మా వదినకు జరిగినట్టే చాలామందికి జరిగింది. అందులో ముఖ్యమైనవి రెండు.

మొదటిది గది అద్దె. చాలా పాలసీల్లో రోజుకింత అని గది అద్దెకు పరిమితి ఉంటుంది. ఉదాహరణకు మీ పాలసీ 3 లక్షలది, గది అద్దె అందులో ఒక శాతం అనుకుందాం. అంటే రోజుకు 3,000. మీరు 6,000 గదిలో చేరారు. తేడా 3,000 మనం కట్టుకుంటే సరిపోతుందిలే అనుకుంటాం. కాదు! డాక్టరు ఫీజు, నర్సింగు వంటి ఛార్జీలు కూడా గది స్థాయిని బట్టే పెరుగుతాయి. అందుకని పరిమితి ఉన్న పాలసీల్లో వాటిని కూడా అదే లెక్కన సగానికి కోస్తారు. ఆ ఛార్జీలు 60,000 అయితే వచ్చేది 30,000. మందులకు, పరీక్షలకు, ఐసీయూ ఛార్జీలకు మాత్రం ఈ కోత వేయకూడదని 2020లో నియంత్రణ సంస్థ నియమం పెట్టింది. బిల్లు చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రెండోది, వాడి పారేసే సరుకు. గ్లౌజులు, మాస్కులు, గౌన్లు... మామూలు రోజుల్లో బిల్లులో ఇవి పదో ఇరవయ్యో వందలుంటాయి. ఎవరూ పట్టించుకోరు. కోవిడ్‌లో డాక్టరు, నర్సు, ఆయా ఎవరొచ్చినా పీపీఈ కిట్ వేసుకోవాల్సిందే. దాంతో అదే పెద్ద పద్దు అయి కూర్చుంది. చాలా పాలసీల్లో వీటికి డబ్బివ్వరు. ఇప్పుడు కొంచెం ఎక్కువ ప్రీమియం కడితే ఈ సరుకుకూ డబ్బిచ్చే అదనపు ఏర్పాటును చాలా కంపెనీలు ఇస్తున్నాయి. పాలసీ పునరుద్ధరణ సమయంలో అడగండి.

తెలంగాణ ప్రభుత్వం 2020 జూన్‌లో ప్రైవేటు ఆస్పత్రుల్లో కోవిడ్ చికిత్సకు రోజువారీ ధరలు నిర్ణయించింది. మామూలు వార్డుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటరుతో 9,000. పీపీఈ కిట్లు, ఖరీదైన మందులు వాటికి అదనం. కుటుంబాలను కుంగదీసింది తరచూ ఆ ‘అదనమే’!

టీకా ఖర్చు ఎవరిది?

మన దేశంలో కోవిడ్ టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. కొవాగ్జిన్ తయారైంది మన హైదరాబాద్‌లోనే, భారత్ బయోటెక్‌లో. ప్రభుత్వ కేంద్రాల్లో టీకా ఉచితమే. అయితే రద్దీకి భయపడో, త్వరగా వేయించుకోవాలనో ప్రైవేటుకు వెళ్లినవాళ్లు చాలామంది. 2021 జూన్‌లో ప్రైవేటులో ఒక డోసుకు కేంద్రం పెట్టిన గరిష్ఠ ధరలు ఇవీ: కొవిషీల్డ్ 780, కొవాగ్జిన్ 1,410, స్పుత్నిక్ 1,145 రూపాయలు. నలుగురున్న ఇంట్లో తలా రెండు డోసులు కొవాగ్జిన్ వేయించుకుంటే 11,280 రూపాయలు. ఒక నెల సరుకుల ఖర్చు!

ఆ డబ్బును బీమా కంపెనీ ఇస్తుందా? మామూలు పాలసీలో ఇవ్వదు. కారణం పైన చెప్పుకున్నదే... టీకాకు ఆస్పత్రిలో చేరం కదా. జబ్బొస్తే లక్షలిచ్చే కంపెనీ జబ్బు రాకుండా చేసే టీకాకు వెయ్యి ఎందుకివ్వదు అని మీకనిపించొచ్చు. నాకూ అనిపించింది. మన దగ్గర ఆరోగ్య బీమా చాలావరకు ఆస్పత్రి బెడ్డు చుట్టూ అల్లింది. రాకుండా చూసుకునే ఖర్చుకు అందులో చోటు తక్కువ. అత్యవసర సమయంలో టీకా బాధ్యతను ప్రభుత్వమే తీసుకోవాలనడానికి ఇదే బలమైన కారణం. 2021 జూన్ 21 నుంచి పద్ధెనిమిదేళ్లు దాటిన అందరికీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చారు కాబట్టే పనిమనిషికీ యజమానురాలికీ ఒకే టీకా అందింది. గర్భిణులు వేయించుకోవడానికి 2021 జులై 2న అనుమతి వచ్చింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. టీకా వేయించుకున్నాక ఒంటికి పడక ఆస్పత్రిలో చేరాల్సి వస్తే ఆ చికిత్స ఖర్చు పాలసీ షరతుల మేరకు వస్తుంది. ఈ విషయాన్ని 2021 మార్చిలో నియంత్రణ సంస్థే స్పష్టం చేసింది. అలాగే కొన్ని పాలసీల్లో కుక్క కరిస్తే వేయించే టీకాలకు, ప్రసూతి సౌకర్యం ఉంటే పుట్టిన బిడ్డ టీకాలకు కొంత పరిమితి దాకా డబ్బిస్తారు. మీ పాలసీలో ఉందేమో చూడండి.

‘కవచ్’, ‘రక్షక్’... అవేమయ్యాయి?

మామూలు పాలసీ కొనలేనివాళ్ల కోసం 2020 జులైలో రెండు చిన్న పాలసీలు వచ్చాయి. కరోనా కవచ్‌ను మూడున్నర, ఆరున్నర, తొమ్మిదిన్నర నెలలకు తీసుకోవచ్చు. యాభై వేల నుంచి 5 లక్షల దాకా ఉండేది. ఇందులో పీపీఈ కిట్లకూ డబ్బిచ్చారు. డాక్టరు సలహాతో ఇంట్లో చేయించుకున్న చికిత్సకు కూడా 14 రోజుల దాకా ఇచ్చారు. మామూలు పాలసీ ఎక్కడ చిరిగిందో అక్కడే ఈ అతుకు పడింది. కరోనా రక్షక్ పద్ధతి వేరు. కోవిడ్‌తో కనీసం 72 గంటలు ఆస్పత్రిలో ఉంటే బిల్లుతో పనిలేకుండా మొత్తం సొమ్ము ఒకేసారి చేతికిచ్చేవారు. రెండింట్లోనూ మొదటి 15 రోజులు వేచి ఉండాల్సిందే.

ఈ రెండూ ఆ అత్యవసర రోజుల కోసం వచ్చినవి. ఎవరింట్లోనైనా ఆ కాగితాలుంటే అవి ఇప్పుడు పనిచేస్తాయని అనుకోవద్దు.

కార్డు ఉన్నవాళ్లకు

ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే కోవిడ్ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చారు. 2021 మేలో బ్లాక్ ఫంగస్‌నూ చేర్చారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కార్డుతో ప్రైవేటు ఆస్పత్రిలో కోవిడ్‌కు చూపించుకునే వీలు లేక పేదలు ఇబ్బంది పడ్డారు. 2021 మేలో ఆ రాష్ట్రం కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. ఒకే జబ్బు, ఒకే భాష, మధ్యలో రాష్ట్ర సరిహద్దు... బిల్లు మాత్రం వేరు!

ఇప్పుడు తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి ఏడాదికి 10 లక్షలు. 2023 డిసెంబరు 9న పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. 70 ఏళ్లు దాటిన పెద్దలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. ఇంట్లో అత్తగారో, అమ్మో ఉంటే ఆధార్‌తో ఈ కార్డు చేయించండి.

ఇంటింటికీ తిరిగి జ్వరాలు లెక్కపెట్టిన ఆశా కార్యకర్తల సంగతి కూడా చెప్పుకోవాలి. వాళ్లతో సహా ఆరోగ్య సిబ్బందికి కేంద్రం 2020 మార్చి 30 నుంచి 50 లక్షల బీమా పెట్టింది. మంచి పనే. అయితే అది ప్రాణం పోతే కుటుంబానికిచ్చే సొమ్ము. జబ్బు చేసి ఆస్పత్రి పాలైతే ఆ ఖర్చుకు పనికొచ్చేది కాదు. ఈసారి ఏ పథకం ప్రకటించినా ‘బతికి ఉండగా ఏమిస్తారు’ అని కూడా అడగాలి.

కంపెనీ కాదంటే...

కాదన్న కారణాన్ని ముందు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఫోన్లో చెప్పిన మాట చెల్లదు. తర్వాత కంపెనీ ఫిర్యాదుల విభాగానికి ఉత్తరం రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంల వారికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల దాకా క్లెయింలు చూస్తారు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐకి 155255 నంబరులో కూడా ఫిర్యాదు చేయొచ్చు.

2024లో వచ్చిన నియమాలు మనకు కొంత మేలు చేశాయి. క్యాష్‌లెస్ అడిగితే గంటలో, డిశ్చార్జి సమయంలో మూడు గంటల్లో కంపెనీ తేల్చి చెప్పాలి. అయిదేళ్లు వరుసగా ప్రీమియం కట్టాక, మోసం రుజువైతే తప్ప ‘పాత జబ్బు చెప్పలేదు’ అని క్లెయిం తోసిపుచ్చకూడదు. కొత్త పాలసీ నచ్చకపోతే వెనక్కివ్వడానికి 30 రోజుల గడువుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు.

కత్తిరించి దాచుకోండి

1. పాలసీ కాగితం నకలు ఒకటి రేషన్ కార్డు, ఆధార్ కార్డులున్న చోటే పెట్టండి. పాలసీ నంబరు, కంపెనీ ఫోన్ నంబరు మీ ఫోన్లోనూ ఉండాలి.

2. అందులో అయిదు సంగతులు చూడండి: ఎంత మొత్తం, ఎవరెవరి పేర్లున్నాయి, గది అద్దె పరిమితి ఎంత, ఏ జబ్బులకు ఎన్నాళ్లు ఆగాలి, మన ఊళ్లో క్యాష్‌లెస్ ఇచ్చే ఆస్పత్రులేవి.

3. మీవారి ఆఫీసు ఇచ్చే బీమా ఒక్కటే ఉంటే, ఉద్యోగం పోయినా, మారినా అది ఆగిపోతుంది. ఇంటికంటూ ఒక పాలసీ వేరుగా ఉందా అని అడగండి.

4. ఆస్పత్రిలో చేరగానే, పాలసీలో రాసిన గడువులోపు కంపెనీకి తెలియజేయండి.

5. ఇంటికొచ్చేముందు డిశ్చార్జి సమ్మరీ, పద్దులవారీ బిల్లు, పరీక్షల రిపోర్టులు, మందుల చీటీలు అడిగి తీసుకోండి. బయట ఏ మందు కొన్నా రోగి పేరుతో బిల్లు రాయించుకోండి.

6. క్లెయింకు పంపేముందు ప్రతి కాగితానికీ జిరాక్స్ తీసి ఉంచుకోండి.

ఇదంతా మగవాళ్ల పని అనుకునే రోజులు పోయాయి. ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక అరగంట తీరిక చేసుకుని బీరువాలోంచి ఆ కవరు తీయండి. ఇంగ్లీషులో ఉందని జంకొద్దు. ఇంట్లో చదువుకునే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోండి. పిల్లకూ ఓ సంగతి తెలుస్తుంది, మీకూ ధైర్యంగా ఉంటుంది.